గడప బయటి చెప్పులు

ఆ ఏడు వానలు మొదలవగానే మా నూలు మిల్లు మూసేశారు. మూసేయడమంటే ఎత్తేయడం కాదు. పాత యంత్రాలు పీకి కొత్తవి బిగిస్తున్నాం, అయ్యాక కబురు చేస్తాం అన్నారు. ఒంటిగదిలో గోడలకేసి చూస్తూ కూర్చోవాలా అని బెంగపడుతున్న సమయానికి మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పాపని బళ్ళో వేస్తున్నాం. మా ఇద్దరికీ తీరిక ఉండదు. నువ్వొచ్చి కొన్నాళ్ళు ఉండరాదూ" అన్నాడు.

నన్ను ఎవరైనా ఉండమని అడిగి చాలా ఏళ్ళయింది. మా ఆయన పోయాక అందరూ ఎలా ఉన్నావని అడిగేవాళ్ళే గాని ఉండమనేవాళ్ళు లేరు. వాడు ఫోన్ పెట్టేసేలోగానే నా సంచీ సగం సర్దేశాను.

తమ్ముడు దూరపు రూట్లలో బస్సు డ్రైవరు. ఒకసారి బయలుదేరితే మళ్ళీ ఎప్పుడు ఇల్లు చేరతాడో వాడికే తెలియదు. మరదలు ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ ఒక వారం పొద్దున, ఇంకో వారం మధ్యాహ్నం, మరో వారం రాత్రి. పాపకి నడక రాకముందే ఆమె డ్యూటీలో చేరాల్సి వచ్చింది. అప్పటినుంచీ పాప పక్కింటావిడ దగ్గర కొన్నాళ్ళు, పనికి కుదిరిన అమ్మాయిల దగ్గర కొన్నాళ్ళు పెరిగింది. ఆ అమ్మాయిలు కుదిరినంత తొందరగా మానేసేవారు.

పాపని తమ్ముడు "ఇన్‌స్పెక్టరు" అని పిలిచేవాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో నేను వెళ్ళిన రోజే తెలిసింది. పిల్ల నా ముఖం చూడలేదు, నేను తెచ్చిన బొమ్మనీ చూడలేదు. తిన్నగా గడప బయటకి వెళ్ళి నా చెప్పుల ముందు గొంతుక్కూర్చుంది. అవి గోధుమరంగు తోలు చెప్పులు, ఎడమదాని పట్టీకి నల్లదారంతో కుట్టు వేయించాను. ఆ కుట్టుని వేలితో తడిమి చూసి లోపలికొచ్చింది.

"అత్త చెప్పులు పాతవి" అని వాళ్ళ నాన్నకి చెప్పింది.

"చూశావా, తనిఖీ అయిపోయింది" అని వాడు పకపకా నవ్వాడు.

రోజూ పొద్దున్నే అదే తంతు. కళ్ళు నులుముకుంటూ లేచి, ఎవరినీ పిలవకుండా గడప దగ్గరికి పోయేది. అమ్మ తెల్లబూట్లు ఉంటే అమ్మ ఇంట్లో ఉన్నట్టు. నాన్న బరువైన నల్లబూట్లు లేకపోతే నాన్న వెళ్ళిపోయినట్టు. చూసుకుని వచ్చి, పాలు తాగడానికి కూర్చునేది. నాకది ముద్దుగానే అనిపించింది.

మర్నాడు మరదలు నాకు ఇంటి పద్ధతి నేర్పింది.

"వదినా, ఇది ఏడవదు. మనం ఏడవనివ్వకూడదంతే. ఒకరు కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి ఏదో ఒకటి చూపించాలి. ఆ సందులో ఇంకొకరు బయటపడిపోవాలి."

"ఏం చూపించాలి?"

"ఏదైనా సరే. కాకి, చెత్తబండి, ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పటి. ఏమీ లేకపోతే ఉన్నట్టు చూపించు."

దానికి ఆ ఇంట్లో "కిటికీ చూపించడం" అని పేరు. ఇవాళ వంట ఎవరు చేస్తారన్నంత మామూలుగా ఇవాళ కిటికీ ఎవరు చూపిస్తారని ఒకరినొకరు అడిగేవారు. నేను పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, అదిగో తీగ మీద కాకి, వానలో ఎలా ముడుచుకుందో చూడు అన్నాను. వెనకాల మరదలు బూట్లు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద గది దాటింది. పిల్ల కళ్ళు కాకి మీదే ఉన్నాయి గాని, ఒళ్ళు మాత్రం నా చేతుల్లో కర్రలా బిగుసుకుపోయింది. తలుపు గడియ చిన్నగా చప్పుడైంది. పిల్ల కిందకి దిగి, గడప దగ్గరికెళ్ళి, తెల్లబూట్లు ఉండే ఖాళీ చోటు కాసేపు చూసింది. తర్వాత వచ్చి గిన్నెలు పేర్చి ఆడుకోవడం మొదలెట్టింది.

ఆసుపత్రి నుంచి మరదలు ఫోన్ చేసింది.

"ఏడ్చిందా?"

"లేదు."

"చెప్పానుగా" అంది. గొంతులో గర్వం ఉంది. ఆ గర్వం కింద ఇంకేదో ఉందేమో, అప్పుడు నేను పట్టించుకోలేదు.

బళ్ళో వేసిన రోజు గేటు దగ్గర పిల్లలందరూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఒకడు వాళ్ళ నాన్న కాలికి చుట్టుకుని వదలడం లేదు. ఇంకో పిల్ల బురదలో పడి దొర్లుతోంది. మన ఇన్‌స్పెక్టరు మాత్రం చెయ్యి విడిపించుకుని, తరగతి గది గుమ్మం ముందు వరసగా విప్పిన చెప్పుల్ని చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. చుట్టూ ఉన్న తల్లులు ముక్కున వేలేసుకున్నారు. ఎలా పెంచారండీ అని ఒకావిడ నన్ను అడిగింది. పెంచింది నేను కాకపోయినా నా ఛాతీ ఉబ్బిన మాట నిజం.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. టీచరమ్మ బక్కపలచటి అమ్మాయి, ఉద్యోగానికి కొత్త. సాయంత్రం పాపని తీసుకురావడానికి వెళ్ళినప్పుడల్లా ఒక మాట చెవిన వేసేది. పాప బోర్డు చూడడం లేదండీ. బొమ్మల పుస్తకం చూడడం లేదండీ. నన్నే చూస్తూ కూర్చుంటుందండీ, నేను మంచినీళ్ళకి లేచినా వెంట వస్తుందండీ. పక్క పిల్లలతో ఆడమంటే ఆడదు, ఆటలో పడితే నేను ఎటు పోతానో అన్నట్టు తలుపుకి అడ్డంగా నిలబడుతుందండీ.

"కొత్త కదా, అదే సర్దుకుంటుందిలే అమ్మా" అన్నాను.

తర్వాత టీచరమ్మ చెప్పులు పోవడం మొదలైంది. ఒకనాడు కుడిది, ఒకనాడు రెండూ. పాపం టీచరమ్మ వానలో వట్టికాళ్ళతో బస్సు దాకా నడిచిపోయింది. కుక్క ఎత్తుకుపోయిందని ముందు కుక్కని తిట్టారు. ఆ తర్వాత ఆయాని అనుమానించారు. చివరికి ఒకరోజు పాప సంచీలోంచి టిఫిను డబ్బా తీస్తుంటే అడుగున నా చేతికి ఒక ఆడమనిషి చెప్పు తగిలింది.

"ఇదెక్కడిది పాపా?"

"టీచరుది."

"ఎందుకు తెచ్చావు?"

పాప నన్ను తెలివితక్కువ మనిషిని చూసినట్టు చూసింది.

అప్పుడు నాకు ఇంట్లో సంగతి తట్టింది. మరదలి తెల్లబూటు ఒకటి అంతకుముందు బియ్యం డబ్బాలో దొరికింది. ఎలకలని అనుకుని డబ్బా కడిగి ఎండబెట్టాం. తమ్ముడి నల్లబూటు మంచం కింద పాత పరుపు చుట్టలో దొరికింది. దానికోసం వెతికి వెతికి వాడు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి మాట పడ్డాడు. అన్నీ ఇన్‌స్పెక్టరు గారి పనే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇందరి చెప్పులు పోయాయి గాని, నావి మాత్రం ఎక్కడ విప్పినవి అక్కడే ఉండేవి. రోజూ ఆ పిల్లకి తల దువ్వేది నేను, అన్నం తినిపించేది నేను, వానలో గొడుగు పట్టి బడికి తీసుకెళ్ళేది నేను. నా చెప్పుల జోలికి మాత్రం అది రాలేదు. పోతే పోనీ అని నన్ను వదిలేసిందన్నమాట. పిల్ల దొంగతనం చేస్తుంటే నావెందుకు ముట్టలేదని బాధపడే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను బాధపడ్డాను. పొద్దున్నే గడప దగ్గరికెళ్ళి, కుట్టు వేసిన నా ఎడమ చెప్పు కదలకుండా ఉండడం చూసి, ఊళ్ళో నా ఒంటిగది గుర్తొచ్చి దిగులుపడ్డాను.

పెద్ద టీచరు కబురు పంపింది. ఆ వారం మరదలికి మధ్యాహ్నం డ్యూటీ. యూనిఫారంలోనే నాతో వచ్చింది. పెద్ద టీచరు కఠినమైన మనిషి కాదు, కానీ విసిగిపోయి ఉంది.

"చదువు సంగతి తర్వాత చూద్దాం. ఒక్క పిల్ల కోసం టీచరు రోజంతా కాపలా కూర్చోలేదు కదమ్మా. మొన్న పక్క పిల్లవాణ్ణి తలుపు దగ్గరనుంచి తోసేసింది. ఈ వానలు వెనకబట్టేలోగా మారిందా సరే. లేకపోతే తీసుకెళ్ళిపోండి. వచ్చే ఏడు చూద్దాం."

తీసుకెళ్ళిపోతే ఇంట్లో ఎవరు చూస్తారు? నేను మిల్లు తెరిచేదాకానే. మళ్ళీ పక్కింటావిడ, మళ్ళీ ఎవరో కొత్త అమ్మాయి. మరదలు బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది.

"మా పాప చాలా బుద్ధిమంతురాలండీ. చంటిదిగా ఉన్నప్పుడు కూడా ఏడ్చి ఎరగదు" అంది.

టీచరమ్మ అంతసేపూ స్నానాల గదిలో వేసుకునే రబ్బరు చెప్పులతో ఒక పక్కగా నిలబడి ఉంది.

"ఒకటి అడగనా అండీ? మొన్న వాన వెలిశాక ఇంద్రధనుస్సు వస్తే పిల్లలందరికీ కిటికీలోంచి చూపించాను. అందరూ అటు పరిగెత్తారు. మీ పాప మాత్రం అటు చూడకుండా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేలా. నేను ఏది చూపించినా అంతే. ఇంట్లో ఏదైనా చూపిస్తే చూస్తుందా?"

మరదలు నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. బయట చూరునుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కిటికీ" అంది మరదలు మెల్లగా.

టీచరమ్మకి అర్థం కాలేదు. నాకయింది.

దారిలో మరదలు ఆసుపత్రి మలుపు దగ్గర ఆగి, "నేను వెళ్తున్నాను వదినా" అంది. ఎప్పుడూ ఆ మాట అనేది కాదు, డ్యూటీ వేళకి చటుక్కున తిరిగి వెళ్ళిపోయేది.

మర్నాడు బడికి సెలవు. కిటికీ చూపించమని మరదలు నన్ను అడగలేదు. గడప మీద కూర్చుని, పాపని ఎదురుగా నిలబెట్టుకుని, అందరూ చూసేలా బూట్లు వేసుకుంది.

"అమ్మ ఆసుపత్రికి వెళ్తోంది. దీపాలు పెట్టాక వస్తుంది. సరేనా?"

పాప ఆ ముఖంలోకి చూసింది, బూట్లకేసి చూసింది. ఆ తర్వాత ఏడుపు అందుకుంది, అంత చిన్న ఒంట్లో అంత ఏడుపు ఎక్కడ దాగిందో నాకు తెలియదు. బూటు పట్టుకుని వేలాడింది. మరదలు దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, పాపని నా చేతికి అప్పగించి, ఏడుస్తూనే మెట్లు దిగింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది.

"పిల్లని కొట్టారా ఏమిటి?"

"లేదండీ. వాళ్ళమ్మ చెప్పి వెళ్ళింది" అన్నాను.

ఆవిడకి ఆ జవాబు తలా తోకా లేనట్టు తోచి ఉంటుంది. పాప నా భుజం మీద పడి కొట్టింది, గిల్లింది, జుట్టు పీకింది. నా భుజం తడిసి ముద్దయింది. అది ఏడుస్తున్నది నా కోసం కాదు, అయినా ఏడవడానికి నా భుజమే దొరికింది కదా అనుకున్నాను.

అలా రోజూ జరిగేది. ఇంట్లో ఒకసారి, బడి గేటు దగ్గర ఇంకోసారి. నేను కూడా చెప్పే వెళ్ళేదాన్ని, బడి విడిచిపెట్టేసరికి గేటు పక్క చెట్టు కిందే ఉంటానని. అప్పటిదాకా మెచ్చుకున్న తల్లులు ఇప్పుడు జాలిగా చూసేవారు. తమ్ముడు డ్యూటీ దిగి వచ్చిన రోజు ఈ గోలంతా చూసి ఒంటికాలి మీద లేచాడు.

"ఇన్నాళ్ళూ ఏడుపంటే తెలియని పిల్ల. ఇద్దరూ కలిసి దానికి ఏడుపు నేర్పారు. కిటికీ చూపిస్తే పోయేదానికి ఎందుకొచ్చిన గొడవ ఇది?"

నేను ఆరిన బట్టలు మడతపెట్టసాగాను. అది వాళ్ళిద్దరి సంసారం. మరదలు గిన్నె తోముతూనే, తల తిప్పకుండా అంది.

"ఏడవనివ్వండి. నేను వెళ్తుంటే నా కూతురు ఏడవాలి కదా."

తమ్ముడు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఈసారి వాడు డ్యూటీకి వెళ్ళేటప్పుడు గడప దగ్గర వంగి, ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "ఇన్‌స్పెక్టరు గారూ, నాన్న బస్సుకి వెళ్తున్నాడు" అన్నాడు. పాప ఏడుస్తూనే వాడి నల్లబూటు తెచ్చిచ్చింది.

వానలు ముదిరి, సన్నగిల్లాయి. ఏడుపు కూడా అంతే. ముందు చాలాసేపు, తర్వాత కొంచెంసేపు, తర్వాత ఒట్టి మూతివిరుపు. కిటికీకి ఇంకో పని దొరికింది. మరదలు వీధిలోకి దిగి, ఆగి, పైకి చూసి చెయ్యి ఊపేది. నేను పాపని ఎత్తి పట్టుకునేదాన్ని. మలుపు తిరిగేదాకా చూసి, "పోయింది" అని పాప తనే కిందకి దిగేది. ఒళ్ళు బిగుసుకోవడం మానేసింది. ఒక సాయంత్రం టీచరమ్మ గేటు దాకా ఎదురొచ్చింది.

"ఇవాళ గోడ మీద గొంగళిపురుగు చూపించానండీ. మీ పాప దగ్గరికెళ్ళి చూసింది. నేను గది దాటి వెళ్ళి వచ్చినా చూస్తూనే ఉంది."

ఆమె కాళ్ళకి చెప్పులున్నాయి. రెండూ ఉన్నాయి. పెద్ద టీచరు కూడా వరండాలోంచి చూసి తల ఊపింది. ఇక తీసుకెళ్ళమనే మాట లేదని అర్థమైంది. నాకు ఎంత సంతోషమయిందంటే, ఆ పురుగెక్కడుందో చూపించమని అడిగి నేనూ చూసి వచ్చాను.

సరిగ్గా అప్పుడే మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. యంత్రాలు బిగించడం అయిపోయింది, వచ్చి చేరమన్నారు. రాకపోతే నా చోటు ఇంకొకరికి పోతుంది. తమ్ముడు అన్నం ముందు కూర్చుని గొంతు తగ్గించాడు.

"అక్కా, నువ్వు వెళ్తున్నట్టు దానికి చెప్పకు. ఇప్పుడిప్పుడే కుదురుకుంది. అది బళ్ళో ఉండగా వెళ్ళిపో. వచ్చాక మేమేదో చెప్తాంలే. నువ్వేమీ దాని అమ్మవి కాదు కదా, రెండు రోజుల్లో మరిచిపోతుంది."

వాడు మంచికే అన్నాడు. కానీ ఆ ఆఖరి మాట ముల్లులా దిగింది. అదే నిజమైతే చెప్పినా నష్టం లేదనుకున్నాను. సాయంత్రం పాపకి తల దువ్వుతూ చెప్పేశాను.

"అత్త రేపు వాళ్ళ ఊరు వెళ్ళిపోతుంది. అక్కడ పనుంది."

"దీపాలు పెట్టాక వస్తావా?"

"రాను. చాలా రోజులవుతుంది. ఎండలొచ్చాక మీ బడికి సెలవులిస్తారే, అప్పుడొస్తాను."

పాప ఏడవలేదు. దువ్వెన ఇలా తెమ్మని తీసుకుని బొమ్మకి తల దువ్వడం మొదలెట్టింది. తమ్ముడన్నదే నిజం కాబోలు అనుకుని లేచి సంచీ సర్దుకున్నాను. ఆ సర్దుతున్నంతసేపూ నాకు చాలా ఒంటరిగా అనిపించింది.

పొద్దున్నే బడికి బయలుదేరుదామని చూస్తే గడప బయట నా కుడి చెప్పు ఒక్కటే ఉంది.

"మళ్ళీ మొదలా?" అని తమ్ముడు తల పట్టుకున్నాడు. మంచం కింద చూశాడు, పరుపు విప్పాడు. మరదలు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. పాప సంచీ భుజాన వేసుకుని, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ సంచీ ఒక పక్కకి ఉబ్బి ఉంది. నేను చూశాను, కానీ నోరు విప్పలేదు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియలేదు. మరదలి రబ్బరు చెప్పులు కాళ్ళకి తగిలించుకుని పాప చెయ్యి పట్టుకున్నాను.

సన్నగా తుంపర పడుతోంది. గేటు దాకా పాప నా కాళ్ళకేసి చూస్తూనే నడిచింది. అక్కడ ఆగిపోయింది.

"ఇవి నీవి కాదు."

"కావు. అమ్మవి."

"వీటితో వెళ్ళిపోతావా?"

"వెళ్ళాలి పాపా. బస్సుంది."

పాప చాలాసేపు నిలబడింది. మిగతా పిల్లలు మమ్మల్ని దాటుకుంటూ లోపలికి పోతున్నారు. తర్వాత తడి మెట్టు మీద కూర్చుని సంచీ విప్పింది. టిఫిను డబ్బా తీసి పక్కన పెట్టింది. పలక తీసింది. అడుగునుంచి, నల్లదారం కుట్టు వేసిన నా ఎడమ చెప్పు తీసి, నా కాలి ముందు సరిగ్గా పెట్టింది.

"అమ్మవి అమ్మకిచ్చెయ్. నువ్వు ఇవే వేసుకుని రా" అంది.

అప్పుడు ఏడ్చింది. నా మోకాళ్ళు పట్టుకుని, వీధంతా వినబడేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టీచరమ్మ వచ్చి చెయ్యి అందిస్తే ఆ చెయ్యి పట్టుకుని వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూసింది, నేను అక్కడే ఉన్నాను. గుమ్మం ముందు తన చెప్పులు విప్పి మళ్ళీ చూసింది, అప్పుడూ ఉన్నాను.

ఆ చెప్పు అక్కడ తొడుక్కుని ఏం లాభం, దాని జోడు ఇంటి దగ్గరుంది. చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ వానలో గబగబా నడిచాను. చెప్పు పుచ్చుకుని ఎవరినో కొట్టడానికి బయలుదేరిన మనిషిననుకుని, ఎదురొచ్చేవాళ్ళు భయంభయంగా పక్కకి తప్పుకున్నారు. వాళ్ళని ఆపి, ఈ చెప్పు నన్ను వెళ్ళనివ్వకూడదని ఒకరు దాచుకున్నదండీ అని చెప్పాలనిపించింది.